మొదటి ఐదు కిలోల గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బరువు తగ్గినవాళ్ల కథనాలు తరచూ వస్తున్నాయి. ఎడమ పక్కన పాత ఫొటో, కుడి పక్కన కొత్త ఫొటో, కింద ‘ఆరు నెలల్లో 35 కిలోలు’ అని పెద్ద అక్షరాలు. వాళ్లు పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. తగ్గినవాళ్లందరికీ మనస్ఫూర్తిగా అభినందనలు. కానీ ఆ పేజీ చదివి ఎంతమంది మొదలుపెడుతున్నారు, ఎంతమంది ‘ఇది మనవల్ల అయ్యే పని కాదు’ అనుకుని పేపరు మడిచేస్తున్నారు అని మీరెప్పుడైనా విచారించారా? నాకు తెలిసినంతలో రెండో రకం వాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లు రోజూ నా ఎదురుగా నిలబడతారు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కాకినాడలో లేడీస్ టైలర్ని. షాపు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. వయసు 47, ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. మొదలుపెట్టినప్పుడు నా బరువు 98 కిలోలు, ఇప్పుడు 88. రెండో ఏడు నడుస్తోంది. మీ పేజీలో పడే లెక్కల పక్కన ఇది చిన్నదే. అయినా ఈ పది కిలోలతోనే మేడ మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. బీపీ మాత్ర డోసు డాక్టరుగారే తగ్గించారు. మిషను దగ్గర నుంచి లేచేటప్పుడు బల్ల పట్టుకోవడం లేదు. ఇది తక్కువ అని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఇలాంటి తగ్గుదల గురించి రాసే చోటు పేపర్లో ఉండాలని నా కోరిక.

మొదలుపెట్టడం ఎందుకంత బరువుగా అనిపిస్తుందో ముందు చెప్పనివ్వండి. కొన్నేళ్ల కింద మోకాళ్ల నొప్పితో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన గోడ మీద చార్టు చూసి, ‘మీ ఎత్తుకి 55 ఉండాలి, 40 కిలోలు పైగా తగ్గాలి, తగ్గి రండి’ అన్నారు. లెక్క తప్పు కాదు. కానీ 40 కిలోలు అన్న మాట విన్న మనిషి ఇంటికెళ్లి ఏం చేస్తుంది? సాయంత్రానికి ఏమీ మొదలుపెట్టదు. నలభై అంటే ఎప్పటికి? ఈ శ్రావణానికా, పై సంక్రాంతికా? ఎప్పటికో తెలియని పని కోసం ఈ పూట ఇడ్లీ ఒకటి తగ్గిస్తే ఏమిటి, తగ్గించకపోతే ఏమిటి అనిపిస్తుంది. చాలాకాలం నాకు అలాగే అనిపించింది. బద్ధకం అనేవాళ్లు ఉంటారు. పొద్దున్న ఐదింటికి లేచి, ఇంటిపని చేసి, రాత్రి పదింటిదాకా మిషను తొక్కే ఆడవాళ్లకి బద్ధకం అనే మాట అంటగట్టకండి.

నన్ను కదిలించింది మా పేటకి వచ్చే ఏఎన్ఎం, అంటే ప్రభుత్వ నర్సమ్మ. బీపీ చూసి, ‘అక్కా, నలభై మాట పక్కన పెట్టండి. ముందు ఐదు కిలోలు చూద్దాం, ఆరునెలలు పట్టినా సరే’ అంది. ఐదు అంటే నాకు లెక్క అందింది. నెలకి కిలో కూడా కాదు.

ఆ అమ్మాయి ఊరికే ధైర్యం చెప్పలేదని తర్వాత మా అబ్బాయి ఫోన్లో చూపిస్తే తెలిసింది. ఉన్న బరువులో నూటికి ఐదు వంతులు తగ్గినా బీపీ, షుగరు, రక్తంలో కొవ్వు మెరుగుపడటం మొదలవుతుందని డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్నారు. అమెరికాలో షుగరు వచ్చే ప్రమాదం ఉన్న మూడు వేలమందికి పైగా మనుషుల మీద చేసిన పెద్ద అధ్యయనం 2002లో వచ్చింది. అందులో పెట్టిన లక్ష్యం నూటికి ఏడు వంతుల బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం. అంతే. దానికే షుగరు జబ్బు వచ్చేవాళ్లు 58 శాతం తగ్గారు. నాకు ఇంకా నచ్చింది మన పక్కన చెన్నైలో చేసింది, 2006లో వచ్చింది. అక్కడ తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు వచ్చే ముప్పు 28 శాతం పైగా తగ్గింది, వాళ్ల బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గకపోయినా. అంటే బరువు చూసే మిషను ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంటుందన్నమాట. ఈ ఒక్క సంగతి మొదటి నెలలో ఉన్నవాళ్లకి చెబితే ఎంతమంది నిలబడతారో! 35 కిలోల ఫొటో పక్కన ఈ నాలుగు ముక్కలు ఎందుకు వేయరు?

ఇంకో మాట. బరువున్నవాళ్లు తమ ఒక్కరికే ఈ సమస్య అనుకుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 36 మంది అధిక బరువులోనో ఊబకాయంలోనో ఉన్నారు. తెలంగాణలో 30 మంది. దేశం మొత్తం మీద చూస్తే 24. అంటే మన రాష్ట్రంలో జాకెట్టు కుట్టించుకునే ప్రతి ముగ్గురిలో ఒకరు. నా షాపులో లెక్క వేసినా అంతే వస్తుంది. ఇంతమందికి ఉన్నదాన్ని ఇంత గుట్టుగా మోయాల్సిన పని లేదు.

ఆ గుట్టు ఎలా ఉంటుందో నేను చూసినంత దగ్గరగా బహుశా డాక్టర్లు కూడా చూడరు. కొలతలు తీసుకునేటప్పుడు టేపు నడుము చుట్టూ తిప్పగానే కొందరు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగుతారు. కొందరు కళ్లు మూసుకుంటారు. ‘పైకి చదవకక్కా’ అని చెవిలో చెప్పినవాళ్లు ఎంతోమంది. పక్కన తోడికోడలో ఆడపడుచో నిలబడి ఉంటుంది మరి. అందుకే నేను అంకె పైకి చదవను. చీటీ మీద రాసి, చీటీ తిరగేసి పెడతాను. మా దగ్గర పనిచేసే అమ్మాయికి కూడా మొదట నేర్పేది అదే, కత్తెర పట్టుకోవడం నేర్పేది ఆ తర్వాతే.

చాలామంది కొలత ఇవ్వడం ఇష్టంలేక ఆది జాకెట్టు తెస్తారు. ఐదారేళ్ల కిందటిది. హుక్సు పడదు, చంక కింద పిగిలి ఉంటుంది. ‘దీని కొలతకే కుట్టు, నేను తగ్గుతాను’ అంటారు. పట్టుచీర మీద జాకెట్టు గుడ్డ, ఎంతో ఖరీదు పెట్టి మగ్గం వర్క్ చేయించిన గుడ్డ. అలా కుట్టించుకున్న జాకెట్లు బీరువాలో కవర్లోనే ఉండిపోతాయని నాకు తెలుసు. పెళ్లి దాటిపోతుంది, జాకెట్టు ఒంటి మీదకి రాదు. ఆ కవరు కనబడ్డప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అందుకని గట్టిగా చెబుతాను: అమ్మా, ఈ రోజు ఒంటికి కుట్టించుకో. పక్క కుట్లలో అటు అంగుళంన్నర, ఇటు అంగుళంన్నర గుడ్డ వదులుతాను. తగ్గితే లోపలికి కుట్టు వేసి ఇస్తాను, డబ్బులు వద్దు. నిరుడు అలా లోపలికి కుట్టు వేయించుకోవడానికి వచ్చిన ఒక స్కూలు టీచరుగారి ముఖం చూడాలి మీరు. ఒక్క కుట్టు, అర అంగుళం. జాకెట్టు కొత్తగా కుట్టించుకున్నప్పుడు కూడా ఆవిడ అంత సంతోషపడలేదు.

ఈ బట్టల సంగతి అంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నడవడానికి బయటికి రాకపోవడానికి సగం కారణం బట్టలే. చీరతో వేగంగా నడవలేరు. ఉన్న పంజాబీ డ్రెస్సులు బిగుతు. ఇంకో బాధ ఉంది, ఎవరూ పైకి చెప్పరు, పేపర్లోనూ రాయరు. బరువున్నవాళ్లు పది నిమిషాలు నడిస్తే తొడలు ఒరుసుకుని మండుతాయి. చెమటకి తోలు లేచిపోతుంది. మర్నాడు అడుగు తీసి అడుగు వేయలేరు. ‘రెండు రోజులు నడిచి మానేసింది’ అని ఇంట్లోవాళ్లు అంటారు, అసలు సంగతి ఆ మనిషి చెప్పుకోలేదు. దీనికి మందు చిన్నదే. మోకాలి పైదాకా వచ్చే మెత్తటి కాటన్ నిక్కరు లోపల వేసుకోవాలి. తొడల మధ్య కుట్టు రాకుండా అక్కడ విడిగా ఒక గుడ్డ ముక్క వేసి కుట్టాలి, లేకపోతే ఆ కుట్టే ఒరుసుకుంటుంది. బయలుదేరే ముందు కొంచెం కొబ్బరినూనె రాసుకుంటే ఇంకా మంచిది. నాకోసం కుట్టుకున్నాను, తర్వాత అడిగినవాళ్లకి కుట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు జాకెట్లతో పాటు అవీ అడుగుతున్నారు.

నడక గురించి అందరూ చెప్పేది పదివేల అడుగులు. ఫోన్లో కూడా అదే పెట్టి ఉంటుంది. తొంభై ఎనిమిది కిలోల మనిషికి, రోజంతా కూర్చుని చేసే పనిలో ఉన్న మనిషికి పదివేలు అంటే నలభై కిలోల లాంటి మాటే. ఆ పదివేలు ఏ డాక్టరూ లెక్కగట్టి చెప్పింది కాదట. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మడానికి చేసిన ప్రచారం నుంచి వచ్చిందట. 2019లో అమెరికాలో పెద్దవయసు ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, రోజుకి సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 అడుగులు వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనంగా కనబడిన లాభం పెద్దగా లేదు. నాలుగు వేలు అంటే ఎవరైనా ప్రయత్నిస్తారు. నేను మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి రావడంతో మొదలుపెట్టాను. తర్వాత దాని అవతల పాలబూతు దాకా. బోట్ క్లబ్ చెరువు చుట్టూ నడిచేవాళ్లలో కలవడానికి చాలాకాలం ఆగాను. సిగ్గు ఒక పక్క, మోకాళ్లు ఒక పక్క. చీకటితో వెళ్లేదాన్ని, వెలుతురు వచ్చేలోపు ఇంటికి వచ్చేసేదాన్ని.

మోకాళ్ల గురించి ఒక లెక్క చెప్పాలి, అది విన్నాక నాకు ఓపిక వచ్చింది. మోకీళ్ల అరుగుదల ఉన్న బరువైన మనుషుల నడక కొలిచి చూస్తే, ఒంట్లో ఒక కిలో తగ్గితే మోకాలి మీద అడుగడుక్కీ పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో తేల్చారు. ఐదు కిలోలు తగ్గిన మనిషికి ప్రతి అడుగుకీ ఇరవై కిలోలు తగ్గినట్టు. నాకు మొదటి ఐదు కిలోలకే నొప్పి అంత తేడాగా ఎందుకు అనిపించిందో అప్పుడు అర్థమైంది. మందుల షాపులో మోకాలి పట్టీ కొనేవాళ్లకి ఈ మాట ఎవరైనా చెబితే బాగుండును.

తిండి సంగతికి వస్తే, గోదావరి జిల్లాల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషిని ఒక్కసారిగా అన్నం మానేయమనడం సరికాదు. మానేసినవాళ్లు వారానికి మళ్లీ మొదలుపెడతారు, ఈసారి రెట్టింపు తింటారు. నాకు పనికొచ్చింది రెండే రెండు మార్పులు. ఒకటి, బియ్యం అర గ్లాసు తగ్గించి పొయ్యి మీద పెట్టడం. ఆడవాళ్లు చాలామంది ఆకలికి తినేది తక్కువ, మిగిలింది పారేయలేక తినేది ఎక్కువ. పిల్లల పళ్లెంలో సగం దోసె, గిన్నె అడుగున రెండు గరిటెల పప్పన్నం, రాత్రి మిగిలిన చపాతీ. అన్నం పారబోస్తే లక్ష్మీదేవి పోతుందని మా అత్తయ్యగారు అంటారు, అది నాకూ పట్టింపే. అందుకని పారేయడం కాకుండా వండటమే తగ్గించాను. మొదటి వారం ఇంట్లో గొడవైంది, చాలదేమోనని. చాలింది.

రెండోది నూనె. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రోజుకి రెండు వేల కేలరీల భోజనంలో నూనె 27 గ్రాములు అని ఉంది. అంటే సుమారు ఆరు టీ స్పూన్లు. బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. మా ఇంట్లో నలుగురం. నెలకి నలుగురికీ మూడున్నర లీటర్ల నూనె సరిపోవాలి. మా ఇంటికి ఆరు లీటర్లు వచ్చేవి, అవి కాక పండగల్లో ప్రత్యేకంగా ఇంకోటి. లెక్క చూశాక నెల మొదట్లోనే నూనె కొలిచి డబ్బాలో పోసి, అది అయ్యేదాకా కొత్తది తేవద్దని మా వారికి చెప్పాను. వేపుళ్లు వాటంతటవే తగ్గాయి. నేనొక్కదాన్నే ప్రత్యేకంగా తిన్నది ఏమీ లేదు, అదే నిలబడింది. ఒక్కదానికి వేరే వంట అంటే అది నాలుగు రోజుల ముచ్చట.

పెళ్లిళ్లు, పేరంటాలు ఉన్నాయి. మాది కాజాలకి పేరుపడ్డ ఊరు. ‘ఒక్కటి తింటే ఏమవుతుంది’ అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. నేను ఒక్కటి తింటాను. తిన్నాక ఆ రోజు పాడైపోయిందని రాత్రి కూడా లాగించేయడం మాత్రం మానుకున్నాను.

ఇక మొదలుపెట్టినవాళ్లు ఎక్కువమంది ఆగిపోయే చోటు ఒకటి ఉంది. మొదటి వారం పది రోజుల్లో కిలోన్నర, రెండు కిలోలు చకచకా తగ్గుతాయి. ఎంత ఉత్సాహమో! తర్వాత మిషను ముల్లు అక్కడే కూర్చుంటుంది. ఒక్కోసారి పెరుగుతుంది కూడా. అప్పుడే మనసు విరిగిపోతుంది. అసలు సంగతి ఏమిటంటే, తిండి తగ్గించగానే ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ముందు ఖర్చవుతుంది. దాని ప్రతి గ్రాముతో పాటు మూడు గ్రాముల దాకా నీరు ఉంటుంది. ఆ నీరు పోతుంది. కాబట్టి మొదట తగ్గింది ఎక్కువగా నీరే, తర్వాత నెమ్మదిగా కరిగేదే కొవ్వు. నెమ్మదించిందంటే ఫెయిలయ్యామని కాదు. ఆవకాయ నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నా, నెలసరి ముందు రోజుల్లో అయినా ఒంట్లో నీరు నిలిచి కిలో రెండు కిలోలు పైకి చూపిస్తుంది. రోజూ మిషను ఎక్కేవాళ్లకి ఇది తెలియకపోతే రోజూ టెన్షనే. నేను వారానికి ఒకసారి, శుక్రవారం పొద్దున్న కాఫీ కూడా తాగకముందు చూసుకుంటాను. దాంతో పాటు టేపు పెడతాను. డాక్టర్లు చూసే నడుము కొలత మేము జాకెట్టుకి తీసే కొలత కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలి, టేపు బిగించకుండా తీయాలి. మన దేశపు ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదంటారు. అంగుళాల్లో ముప్పై ఒకటిన్నర, ముప్పై ఐదున్నర దగ్గర. నాది ఇంకా చాలా పైనే ఉంది. కానీ ముల్లు కదలని నెలల్లో కూడా టేపు జరిగింది. నమ్మకం పోకుండా నన్ను కాపాడింది నా చేతిలోని టేపే.

మధ్యలో ఆగిపోవడం గురించి కూడా రాయాలి. శ్రావణమాసం ముందు, దసరా ముందు మాకు ఊపిరి ఆడదు. అర్ధరాత్రి దాకా మిషను. ఆ రోజుల్లో నడక లేదు, టైముకి తిండి లేదు, టీ మీద టీ. పోయిన దసరాకి పూర్తిగా మానేశాను. బరువు కొంచెం పైకి వచ్చింది. ఇంక అయిపోయింది అనుకున్న రోజుల్లో పక్కింటి వదిన తెల్లారగట్ల ఫోన్ చేసి, ‘గేటు దగ్గరున్నా, చెప్పులు వేసుకుని రా చాలు, నడవకపోయినా కబుర్లు చెప్పుకుందాం’ అంది. వెళ్లాను. ఆవిడ ఒక్కసారి కూడా ‘ఎందుకు మానేశావు’ అని అడగలేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీవాళ్లు అలవాట్ల మీద చేసిన పరిశీలనలో, ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని, కొందరికి 18 రోజులు చాలితే కొందరికి 254 రోజుల దాకా అవసరమని తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు చెడిపోలేదని కూడా రాశారు. ఇరవై ఒక్క రోజుల్లో జీవితం మారుతుందని చెప్పే వీడియోల కంటే ఇది ఎంతో ఊరట. ఇంట్లో ఎవరైనా మొదలుపెట్టి ఆగిపోతే, దయచేసి ‘మొన్నటిదాకా ఏదో చేశావుగా’ అని గుర్తుచేయకండి. మా వదిన లాగా గేటు దగ్గర నిలబడండి.

మనసు ఎంత గట్టిగా ఉన్నా ఒళ్లు సహకరించనివాళ్లు ఉన్నారు. థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లు, పీసీఓడీ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) ఉన్న ఆడపిల్లలు, స్టెరాయిడ్లు, కొన్ని మానసిక సమస్యల మందులు వాడేవాళ్లు. వాళ్లు ముందు పరీక్ష చేయించుకోవాలి. డాక్టరుకి చెప్పకుండా మందు మానకూడదు. తిండి తగ్గించలేదని వాళ్లని నిందించడం అన్యాయం.

ఇప్పుడు మీ పత్రికకి నేరుగా సంబంధించిన మాట. అనుబంధంలో మంచి మాటలు వేస్తారు, అదే రోజు పేపర్లోనో, పేపరు మధ్యలో పెట్టి వచ్చే కరపత్రంలోనో ‘నెలకు 10 కిలోలు గ్యారంటీ, తిండి మానక్కర్లేదు’ అనే ప్రకటన ఉంటుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టంలో, మందుతో నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడని జబ్బుల పట్టిక ఉంది. ఆ పట్టికలో ఊబకాయం కూడా ఉంది. అలాంటప్పుడు ఆ ప్రకటనలు ఎలా వస్తున్నాయి? నా దగ్గరికి వచ్చే ఒకావిడ చీటీ పాడుకున్న డబ్బు పొడి డబ్బాలకి పెట్టింది. మొదట తగ్గింది, మానగానే తిరిగి పెరిగింది. డబ్బు పోయినదానికంటే ఎక్కువ నష్టం ఏమిటంటే, ఆవిడ ఇప్పుడు దేన్నీ నమ్మడం లేదు. నెలకి కిలో తగ్గుదామమ్మా అంటే, ‘కిలోనా’ అని తల తిప్పేస్తుంది. పది కిలోల ప్రకటన మాలాంటివాళ్ల ఒక కిలోని ఎందుకూ కొరగానిదిగా చేసేస్తోంది. 2025లో బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజక్షన్లు కూడా మన మార్కెట్లోకి వచ్చాయి. అవసరమైనవాళ్లకి డాక్టరు రాస్తే వాడుకోవడంలో తప్పు లేదు, నేను వాటికి వ్యతిరేకం కాదు. కాకపోతే మానేస్తే తగ్గినదాంట్లో చాలాభాగం తిరిగి రావచ్చన్న మాట కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

నేను కోరేది పెద్దదేం కాదు. వారానికి ఒక చిన్న కాలమ్ ఇవ్వండి, మొదటి ఆరు నెలల్లో ఉన్నవాళ్ల కోసం. రెండు కిలోలు తగ్గినవాళ్లు, తగ్గి పెరిగి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు, ముల్లు కదలకపోయినా షుగరు దిగినవాళ్లు మాట్లాడాలి. ఏ వారంలో ఆగిపోయారు, ఎవరు తోడొచ్చారు, ఇంట్లో ఏం వండటం మానారు అన్నవి అడగండి. తగ్గినవాళ్ల పెద్ద కథనాలు వేసినప్పుడు కూడా మధ్యలో ఎన్నిసార్లు ఆగారో తప్పకుండా రాయించండి. మీ ఊరి విలేకరులని ఒకసారి తెల్లవారుజామున పార్కులకి పంపండి. బరువున్న మనిషి పది నిమిషాలకోసారి కూర్చోవాలి. చాలాచోట్ల కూర్చోవడానికి బెంచీ లేదు. ఆడవాళ్లకి బాత్రూం లేదు, ఉన్నా తాళం వేసి ఉంటుంది. చీకట్లో లైట్లు వెలగవు. మునిసిపాలిటీలవాళ్లు వ్యాయామ పరికరాలు పెట్టి రిబ్బన్ కట్ చేస్తున్నారు, ఆ డబ్బులో కొంత బెంచీలకి పెడితే మాలాంటివాళ్లు ఇంకొంచెం దూరం నడుస్తాం. ఈ సంగతి మీరు రాస్తే వింటారు, మేము చెబితే వినరు.

ఆ కాలమ్‌కి మొదట్లో మనుషులు దొరకరేమో అనుకోవద్దు. నా షాపుకి వచ్చేవాళ్లని నేను అడుగుతాను. ఫొటో వద్దంటారు, పేరు వద్దంటారు, బరువు అంకె కూడా వేయొద్దంటారేమో. వాటికి ఒప్పుకోండి. మిగతాదంతా వాళ్లే చెబుతారు.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్,
కాకినాడ